వృక్షవాసి ముళ్లఎలుకలు – నామ విచారము

లక్షణానికి అవ్యాప్తి, అతివ్యాప్తి దోషాలు ఉండరాదని తార్కికులు చెబుతారు. దక్షిణ అమెరికాలో చెట్లపై నివసించే 'ముళ్లఎలుకల' పేరును ఈ గీటురాయిపై పరీక్షించి చూడవలసి ఉంది.

ఇవి ఎఖిమిడే కుటుంబ జంతువులు. వీటికి ఇంటి ఎలుక కంటె గినీపందియే దగ్గరి చుట్టము. ఈ కుటుంబంలో మెత్తని రోమాలు గలవీ ఉన్నవి. కనుక ముల్లు అనే లక్షణానికి అవ్యాప్తి. మన పడమటి కనుమలలోని మలబారు ముళ్ల చెట్టెలుకకు ముళ్లున్నా, దాని కుటుంబం వేరు; కనుక అతివ్యాప్తి.

1839లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్ బ్రెజిల్ జంతువొకదానికి 'ఫిల్లోమిస్' అని పేరుపెట్టెను. దాని అవయవార్థం పర్ణమూషికము. తరువాతివారు పలువురు దీనిని 'ఎఖిమిస్' ప్రజాతిలో కలిపివేసిరి. 2002లో ఎమన్స్ ప్రభృతులు దాని ప్రత్యేకతను నిరూపించిరి. 2003లో లెయిచి రెండు కొత్త జాతులను వర్ణించి, ఒకదానికి లుండ్ పేరే పెట్టెను.

ఇది కేవలం శబ్దచర్చ కాదు. ఈ జంతువులకు ఆశ్రయమైన బ్రెజిల్ అట్లాంటిక్ తీరారణ్యం చాలవరకు నరకబడినది. వేరొక పేరులో లీనమైన జాతి రక్షణీయ జీవుల లెక్కకు అందదు.

కావున తెలుగు పారిభాషిక పదకర్తలకు ఒక మనవి. పంకజ శబ్దం వలె శాస్త్రనామం కూడ రూఢిచేతనే వస్తువును నియమిస్తుంది. దాని అవయవార్థాన్ని అనువదిస్తే ప్రజాతి హద్దులు చెరిగిపోతాయి. 'ఫిల్లోమిస్' వంటి ప్రజాతినామాలను యథాతథంగా గ్రహించి, 'ముళ్లఎలుక'ను వ్యవహారనామంగా మాత్రమే వాడుట యుక్తము.