తోలు కోటు... తేనె మనసు!

నల్లటి తోలు కోటు. ఛాతీ దాకా పెంచిన గడ్డం. మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్లు. ఎదురుపడితే మనం గబుక్కున రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్లిపోతాం. అలాంటివాళ్లు ఓ పదిమంది కోర్టు మెట్ల మీద నిలబడ్డారు. వాళ్ల మధ్యలో, టెడ్డీబేర్‌ని గుండెకి హత్తుకుని ఓ చిన్నపాప!

ఏదో ఘోరం జరగబోతోందనుకునేరు... జరగాల్సిన ఘోరం ఎప్పుడో జరిగిపోయింది. తనను హింసించిన మనిషికి ఎదురుగా నిలబడి ఆ పాప ఇప్పుడు సాక్ష్యం చెప్పాలి. అమ్మ పక్కనున్నా కాళ్లు వణుకుతున్నాయి. ఆ వణుకు పోగొట్టడానికే ఈ 'భయంకరులు' బళ్లేసుకుని వచ్చారు.

అమెరికాలో చాలా ఊళ్లకు ఇది తెలిసిన దృశ్యమే. వాళ్ల సంస్థ పేరు 'బైకర్స్ అగెనెస్ట్ చైల్డ్ అబ్యూజ్'. యూటా రాష్ట్రంలో 1995లో జాన్ పాల్ లిల్లీ దీన్ని మొదలుపెట్టారు. బాధిత పిల్లలకు చికిత్స చేసే సోషల్ వర్కర్ ఆయన. ఎంత చికిత్స చేసినా ఇంటికెళ్లాక పిల్లల్ని భయం వదలట్లేదని గమనించారు. తన బైకు మిత్రుల్ని వెంటబెట్టుకుని ఓ పిల్లాడి ఇంటికెళ్లారు. అంతే... 'నా వెనక ఇంతమంది ఉన్నారు' అన్న ధైర్యం మందుకన్నా బాగా పనిచేసింది. ఈ సంస్థలో చేరాలంటే బండి ఉంటే సరిపోదు, నేరచరిత్ర పరిశీలనలోనూ నెగ్గాలి. ఎవర్నీ కొట్టరు, బెదిరించరు. ఊరికే పక్కన నిలబడతారు. జనాన్ని భయపెట్టే ఆ రూపమే ఇక్కడ పసిపిల్లకు కాపలా!

ఒకే ఒక్క ఫొటో!

ఇంతకీ బైకు మీద గుంపుగా వచ్చేవాళ్లంటే రౌడీలే అన్న ముద్ర ఎలా పడింది? దానికో తేదీ ఉంది. 1947 జులై 4... అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం. కాలిఫోర్నియాలోని హోలిస్టర్ అనే చిన్న ఊళ్లో బైకు పందేలు జరిగాయి. నాలుగువేల మందికి పైగా వచ్చారు. ఊరి జనాభా కూడా దాదాపు అంతే! కొందరు తాగి నడివీధుల్లో పందేలు వేసుకుని అల్లరి చేశారు. ఆ నెలలోనే 'లైఫ్' పత్రిక ఓ ఫొటో వేసింది. చుట్టూ బీరు సీసాలు, బండి మీద తూలుతూ ఓ మనిషి. కావాలనే సీసాలు పేర్చి తీశారని తరవాత కొందరు చెప్పారు కానీ, అప్పటికే దేశమంతా ఆ ఫొటో చూసేసింది. 1953లో మార్లన్ బ్రాండో నటించిన 'ద వైల్డ్ వన్' సినిమా వచ్చి ముద్రను మరింత గట్టిగా గుద్దింది. 1963లో హోండా కంపెనీ 'మా బండి ఎక్కేవాళ్లంతా మంచివాళ్లే' అన్న అర్థంలో ప్రకటనలు వేయాల్సి వచ్చిందంటే చూడండి, బైకు పరువు ఎక్కడుందో!

చిత్రమేమిటంటే అదే 1947లో, అదే కాలిఫోర్నియాలో మరో పని కూడా మొదలైంది. లాస్‌ఏంజెలిస్‌లో మేజర్ బిల్ హెండ్రిక్స్ భార్య డయాన్ ఓ గుడ్డబొమ్మ కుట్టి, 'క్రిస్మస్‌కి ఎవరైనా పేదపిల్లకి ఇవ్వండి' అన్నారు. అలా పంచే సంస్థేదీ ఆయనకు దొరకలేదు. 'అయితే మీరే పెట్టండి' అన్నారావిడ. ఆ ఏడాదే ఐదువేల బొమ్మలు పోగయ్యాయి. అదే 'టాయ్స్ ఫర్ టాట్స్'. తరవాతి కాలంలో దానికి పెద్ద అండగా నిలిచినవాళ్లలో బైకర్లూ ఉన్నారు. క్రిస్మస్ ముందు హ్యాండిల్‌కి ఎలుగుబంటి బొమ్మలు కట్టుకుని వందలకొద్దీ బళ్లు ఊరేగింపుగా వెళ్లడం అక్కడ ఆనవాయితీ అయిపోయింది.

అర్ధరాత్రి ఆపద్బాంధవులు

బ్రిటన్‌లోనూ 1960ల్లో కుర్ర బైకర్లంటే జనానికి హడలే. అలాంటివాళ్లు చేరే 'ఏస్ కెఫే'కి బిల్ షెర్గోల్డ్ అనే చర్చి ఫాదర్ తన బండి మీద వెళ్లి మరీ, 'మా క్లబ్బుకి రండి' అని పిలిచారు. 1962లో ఆ '59 క్లబ్'లో బైకర్ల విభాగం మొదలైంది.

అక్కడే పుట్టిన మరో సేవ 'బ్లడ్ బైక్స్'. రాత్రిపూట ఓ ఆసుపత్రికి అర్జెంటుగా నెత్తురు కావాలి. టాక్సీ పిలిస్తే ఖర్చు, ఆలస్యం. వాలంటీరుకు ఫోన్ వెళుతుంది. పొద్దున ఆఫీసుకెళ్లాల్సిన మనిషే వానలో బండి తీస్తాడు. రక్తం, పరీక్షల శాంపిళ్లు, నెలలు నిండని పసికందుల కోసం తల్లిపాలు... అన్నీ ఉచితంగా చేరవేస్తాడు. ఎవరు తెచ్చారో రోగికి తెలియదు!

సిడ్నీకి చెందిన మార్క్ హావాది మరో దారి. 2012లో ఆయన బైకర్లతో సూటు, టై కట్టించి రోడ్డెక్కించారు. 'జెంటిల్మన్స్ రైడ్'గా అది ఎన్నో దేశాలకు పాకి, ప్రొస్టేట్ క్యాన్సర్, మగవాళ్ల మానసిక ఆరోగ్యం కోసం కోట్ల డాలర్లు పోగుచేసింది.

పైపూతేనా?

ఇదంతా పేరు కోసమేనా? అనుమానం తప్పు కాదు. సభ్యులు పెద్ద పెద్ద నేరాలకు జైలుకెళ్లిన క్లబ్బులు కూడా డిసెంబరులో బొమ్మలు పంచి ఫొటోలు దిగాయి. మరి తేడా తెలిసేదెలా? ఫొటో తీసేవాళ్లు వెళ్లిపోయాక ఏం జరుగుతుందో చూస్తే చాలు. కోర్టు వాయిదా పడితే మళ్లీ వచ్చేవాడు, రాత్రి రెండింటికి ఫోనెత్తేవాడు... వాళ్లది పూత కాదు.

మన దగ్గరా ఉన్నారు. పశ్చిమబెంగాల్‌లోని జల్‌పాయ్‌గుడి జిల్లాకు చెందిన తేయాకు తోట కార్మికుడు కరీముల్ హక్. 1995లో అంబులెన్సు దొరక్క తల్లిని పోగొట్టుకున్నాడు. ఆ బాధతో తన బైకునే అంబులెన్సుగా మార్చి రోగుల్ని ఆసుపత్రికి చేరవేస్తున్నాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయనకు తోలు కోటూ లేదు, క్లబ్బూ లేదు.

మన వీధిలో సైలెన్సర్ పీకేసి దడదడలాడించే కుర్రాణ్ని చూసి 'వీడికేం పోయేకాలం' అంటుంటాం. అనాల్సిందే. కానీ రోడ్డు మీద ఎవరైనా పడిపోతే కార్ల మధ్య నుంచి దూరి ముందుగా చేరుకోగలిగేదీ ఆ కుర్రాడే. ఆసుపత్రికి చేర్చినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు కూడా. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

అందుకే అబ్బాయి బండి తాళాలు తీసుకునేటప్పుడు 'హెల్మెట్ పెట్టుకోరా, మెల్లగా వెళ్లు' అని ఎలాగూ చెబుతాం కదా... 'దారిలో ఎవరైనా పడిపోతే ఆగు, ఏం భయం లేదు' అన్న మాట కూడా చెప్పి పంపిద్దాం!