ఉచ్చు దాచినవాడూ పంచాయితీకి రావాలి



మాది పాపికొండల పక్కన కొండరెడ్ల ఊరు. మా ఊళ్లో అడవిపందికి ఉచ్చు పెడితే ఊరందరికీ చెప్పి పెట్టాలి. చెప్పకుండా పెట్టి, అందులో ఎవరి ఆవైనా పడి చచ్చిపోతే తప్పు కట్టాలి. ఒకసారి ఒకాయన “ఉచ్చు నాదే గానీ నా దగ్గర ఎవరో ఎత్తుకుపోయి అక్కడ పెట్టారు” అన్నాడు. పెద్దలు ఒప్పుకోలేదు. పెట్టినవాడితో పాటు, చెప్పకుండా ఇంట్లో దాచుకున్నందుకు ఆయనచేత కూడా కట్టించారు.

సోషల్ టీచరు గారు దేశాల మధ్య కంప్యూటర్ యుద్ధాల గురించి చెప్తుంటే నాకు ఆ తగువే గుర్తొచ్చింది.

2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ బయలుదేరింది. 150 దేశాల్లో 2 లక్షల పైన కంప్యూటర్లకు తాళం వేసేసి, 300 డాలర్లు కడితేనే తీస్తానంది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసుల కంప్యూటర్లకు కూడా సోకింది. దొంగల్ని పట్టుకునేవాళ్ల కంప్యూటర్నే దొంగ పట్టుకున్నాడని మేము నవ్వాము. కానీ ఇంగ్లండులో ఆసుపత్రులు ఆగిపోయి రోగుల్ని వెనక్కి పంపేశారని చెప్పగానే క్లాసంతా నిశ్శబ్దం అయిపోయింది.

విండోస్‌లో ఉన్న ఆ కంతని ముందు కనిపెట్టింది అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ. పక్క దేశాల కంప్యూటర్లలో దూరడానికి పనికొస్తుందని చాలాకాలం ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. దాని దగ్గర్నుంచే ఎవరో ఎత్తుకుపోయారని మైక్రోసాఫ్టు వాళ్లే అన్నారు. 2017 డిసెంబరులో అమెరికా, బ్రిటన్ కలిసి ఇది ఉత్తర కొరియా పని అన్నాయి. ఆ దేశం కాదంది. 2018లో అమెరికా ఒక కొరియా అతని మీద కేసు పెట్టింది గానీ అతను కోర్టుకి రాలేదు. సరే, పెట్టినవాడి సంగతి అలా ఉంది. మరి దాచినవాళ్లో? వాళ్లని అడిగిన పంచాయితీయే లేదు.

మనకి 2000 సంవత్సరం ఐటీ చట్టం ఉంది. బయట దేశంలో కూర్చుని మన కంప్యూటర్‌ని పాడుచేసినా నేరమే అని అందులో 75వ సెక్షన్ చెప్తుంది. కానీ ఆ దేశం మనిషిని అప్పగించకపోతే సెక్షన్ ఏం చేస్తుంది? 2001లో బుడాపెస్టులో కొన్ని దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. రాసేటప్పుడు మనల్ని కలుపుకోలేదని మన దేశం చేరలేదు. అది నాకు న్యాయంగానే తోచింది. తనని అడక్కుండా రాసిన కాగితం మీద మా నాన్న కూడా వేలిముద్ర వెయ్యడు. 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఇంకో ఒప్పందం ఆమోదించింది. అది నేరస్థుల గురించే. ప్రభుత్వమే ఉచ్చు దాచుకుంటే తప్పు కట్టించే మాట అందులో లేదు. నా ఉద్దేశంలో ముందు రాయాల్సింది ఆ మాటే. కంత కనబడితే ఏ దేశమైనా చెప్పి తీరాలి.

కపిలేశ్వరపురంలో గోదావరి గట్టు పక్కన చదువుకునేవాళ్లం, అమెరికా కొరియాలతో మనకేం పని అని నా పక్క బెంచీవాళ్లు ఎగతాళి చేశారు. మా అమ్మకి మిషను మీద వేలు పెడితేనే రేషను బియ్యం ఇస్తారు. రేపు దానికి ఎవరైనా తాళం వేస్తే అమ్మ డీలరునే అడుగుతుంది. డీలరు సర్వర్ రావట్లేదమ్మా, రేపు రా అంటాడు. అమ్మ ఖాళీ సంచితో కొండెక్కుతుంది.

— 9వ తరగతి విద్యార్థిని