గొడ్డుకు సూది వేయించేటప్పుడు మందు పేరు అడగండి

మన మందమర్రి చుట్టుపక్కల ఏ పిల్లగాణ్ణయినా అడగండి, రాబందును చూసినవా అని. ఫోన్లో చూసిన అంటడు. మన వయసోళ్లకు ఎరుకే. చచ్చిన గొడ్డును ఊరవతల పడేసొస్తే రాబందులు దిగేవి, జెరసేపట్ల బొక్కలే మిగిలేవి.

మన గొడ్డు లేక దానికి తిండి లేదు, అది లేక మన ఊరికి శుభ్రం లేదు. ఈ పొత్తును తెంపింది బొగ్గు దుమ్ము కాదు, సెల్ టవర్లు అసలే కాదు (వాట్సాప్‌ల అదొకటి తిరుగుతది). డైక్లోఫెనాక్ అనే నొప్పుల సూది. జ్వరమైనా వాపైనా పశువులకు అదే వేసేది. ఆ సూది పడ్డ పశువు చస్తే, తిన్న రాబందుకు కిడ్నీలు చెడి రోజుల్లోనే పోతది. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి, అదీ నాలుగైదేండ్లు నిండినంక. పోయిన లెక్కను ఎప్పుడు పూడుస్తది? 1990ల నుంచి దేశంలో మూడు జాతులు నూటికి తొంభైకి పైగా పోయినయ్.

కళేబరాలు కుక్కల పాలైనయ్. రాబందులు పోవడం వల్ల 2000–2005 మధ్య దేశంలో 5 లక్షల మంది దాకా అదనంగా చనిపోయిండ్రని ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు 2024లో లెక్కగట్టిండ్రు. కుక్కకాటు రోగం, కుళ్లిన కళేబరాలతో చెడిన నీళ్లు, ఇవే కారణాలంటున్నరు. రాబందు బతికితే మనకేం లాభం అనేటోళ్లు ఇది చదవాలె.

పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లోనే నిషేధించిండ్రు. మనుషుల మందు పెద్ద సీసాలు గొడ్లకు వాడుతున్నరని 2015లో సూది సీసా 3 మి.లీ. దాటొద్దన్నరు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకు ఆపిండ్రు. చట్టం ఢిల్లీలో ఉంటది, సూది మన కొట్టంల పడతది. మెలాక్సికామ్ రాబందుకు హాని చేయదని పరీక్షల్లో తేలింది. నిదానంగా పనిచేస్తదని కొందరు గొణుగుతరు. ఒక పూట ఆలస్యమైతే ఏం మునిగింది?

ఇదంతా ఎక్కడిదో ముచ్చట కాదు. బెజ్జూరు అడవిలో, ప్రాణహిత ఒడ్డున పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టినయని 2013లో బయటపడ్డది. మేత కోసం పదుల కిలోమీటర్లు ఎగిరే పక్షి అది. అటు దిక్కున్న చుట్టాలకు ఈ పోస్టు పంపండి. డాక్టర్ వచ్చినా గోపాలమిత్ర వచ్చినా సీసా మీద పేరు చదివించుకోండి. వేరే మందు పడ్డ పశువు చస్తే పడేయకుండ లోతుగ పూడ్చండి. పులి మీద కోపంతో కళేబరానికి విషం పూయకండి, దాన్ని తినేది పులి ఒక్కటే కాదు.