మంచానికి కడితే పడడం ఆగదు

మతి తప్పిన ముసలివారిని పాత పంచెతోనో, చీర ముక్కతోనో మంచానికి కట్టివేయడం పల్లెల్లో చాటుగా జరుగుతున్న పనే. కట్టేవారు కసాయివారేమీ కారు. రాత్రివేళ లేచి ఎక్కడ పడతారో, తుంటి విరిగితే ఎవరు చూస్తారో అన్న భయమే వారిచేత ఆ పని చేయిస్తున్నది. భయం నిజమే. చేస్తున్న వైద్యమే తప్పు.

2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటిన ప్రతి 100 మందిలో 7గురికి పైగా డిమెన్షియా ఉన్నది. మొత్తం సుమారు 88 లక్షల మంది. పట్టణాల కన్నా పల్లెల్లోనే ఈ బాధితులు ఎక్కువ కావడం గమనార్హం. అయినా ఊళ్లో దీన్ని చాదస్తమనో, వయసు మీద పడిందనో తోసిపుచ్చుతారు. ఇది మెదడుకు వచ్చే జబ్బు. మరుపు ఒక్కటే కాదు, అడుగు ఎంత ఎత్తు వేయాలో, ఎదురుగా ఉన్నది గుంటో నీడో తేల్చుకునే శక్తి కూడా తగ్గిపోతుంది. స్నానాల గది ముందు పరచిన నల్లని గోనెపట్టా వారికి గొయ్యిలా కనిపించవచ్చు. దాన్ని దాటబోయి పడతారు. నిగనిగలాడే బండ తడిగా తోచి తటపటాయిస్తారు. "చూసుకుని నడవొచ్చు గదా" అని ఇంట్లోవారు కసురుతారు. చూసే నడిచారు, వారికి కనిపించిందే వేరు.

ఇలాంటివారిని కట్టివేస్తే ఏమవుతుంది? విడిపించుకోవాలని పెనుగులాడి మంచం మీదినుంచి జారతారు. కట్టిన గుడ్డ ఛాతీకో మెడకో బిగిసి ప్రాణం మీదికి రావచ్చు. అదేమీ జరగకపోయినా, రోజుల తరబడి కదలకుండా ఉంటే కాళ్లలో సత్తువ పోతుంది, ఒంటికి పుండ్లు పడతాయి. విప్పిన రోజున మొదటి అడుగులోనే కూలబడతారు. అమెరికాలోని వృద్ధుల సంరక్షణాలయాల్లో కూడా ఒకప్పుడు ఇలాగే కుర్చీలకు, మంచాలకు కట్టేవారు. సిబ్బంది సౌకర్యం కోసం అలా కట్టకూడదని అక్కడ 1987లో చట్టం చేశారు. కట్లు తీసిన చోట తీవ్రమైన గాయాలు పెరగలేదని తరువాతి పరిశీలనల్లో తేలింది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగులను ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదన్నది. పంచెతో కడితే గొలుసు కాదు గదా అని వాదించేవారితో చెప్పేదేముంది!

అసలు ప్రశ్న ఏమిటంటే, ఆ మనిషి ఎందుకు లేస్తున్నారు? చాలాసార్లు మూత్రానికి. లేకుంటే దాహం, ఆకలి, చలి, నొప్పి. నోటితో చెప్పలేక లేస్తారు. కొందరు పొద్దుగూకే వేళ గొడ్లను కట్టేయాలంటూ, లేని దొడ్డి వెతుక్కుంటూ బయలుదేరతారు. పడుకోబోయే ముందు ఒకసారి, నడిరేయి ఒకసారి వెంటబెట్టుకుని మరుగుదొడ్డికి తీసుకువెళితే సగం ప్రయాణాలు తగ్గుతాయి. సాయంత్రం పూట పెరట్లో చేయి పట్టుకుని నాలుగు అడుగులు నడిపిస్తే రాత్రి కాస్త నిద్రపడుతుంది.

ఇక మరుగుదొడ్డి సంగతి. 2014లో స్వచ్ఛభారత్ మొదలయ్యాక ఇంటింటా మరుగుదొడ్లు లేచాయి. మంచిదే. కానీ చాలాచోట్ల అవి పెరట్లో, రెండు మెట్ల ఎత్తున, దీపం లేకుండా ఉన్నాయి. గొంతుకూర్చుని లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు ఒక ఇనుప కడ్డీ అయినా లేదు. ముసలివారు పడేది అక్కడే. కడ్డీ, దారిలో ఒక బల్బు, పాచి గీకిన బండ పెద్ద ఖర్చు కాదు. దిగబడిపోయిన నులకమంచం మీదినుంచి లేవడం కష్టం. పాదాలు నేలకు ఆనేంత ఎత్తున్న గట్టి మంచం కావాలి. హవాయి చెప్పుల బదులు వెనుక పట్టీ ఉన్నవి వేయాలి. కంట్లో శుక్లం ఉంటే సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా తీయించవచ్చు.

నిద్రమాత్రల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రాత్రి గోల భరించలేక మందుల షాపులో అడిగి తెచ్చి వేస్తున్నారు. ఆ మత్తులోనే లేచి తూలిపడతారు. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి రెండు రోజుల్లో మతి మరీ చెడితే అది జబ్బు ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో చీము, ఒంట్లో నీరు తగ్గడం వంటివి కారణం కావచ్చు.

పడినవారిని గబుక్కున లాగి నిలబెట్టరాదు. ఎక్కడ నొప్పో వారు చెప్పలేరు. కాలు పొట్టిగా కనిపించినా, పాదం బయటికి తిరిగినా తుంటి విరిగిందనే భావించి 108కి ఫోను చేయాలి. ఇది కట్టు కట్టించి ఇంట్లో పడుకోబెట్టే విరుగు కాదు.

ఇదంతా ఇంట్లో ఎవరు చేయాలి? కొడుకు పట్నంలో ఉంటాడు, కోడలు పగలు కూలికి పోయి రాత్రి కాపలా కాయాలి. ఆమె నిద్రపోయే వేళ ఏది? పేద వృద్ధుల కోసం మొదట జిల్లాకొకటి చొప్పున 150 మందికి ఆశ్రమం పెట్టవచ్చని 2007 నాటి చట్టం చెప్పింది. ఆశ్రమాలు తనిఖీ చేసే అధికారులు బియ్యం లెక్క చూసి వెళ్లడంతో సరిపెట్టరాదు. ఈ నెల ఎందరు పడ్డారు, ఎక్కడ, ఏ వేళ అని రాసిన పుస్తకం అడగాలి. రాత్రి కాపలాకు ఎందరున్నారో చూడాలి. ఎవరినైనా కట్టివేస్తున్నట్టు తెలిస్తే వృద్ధుల సహాయ నంబరు 14567కు చెప్పవచ్చు.

పిల్లలకు ఊరూరా అంగన్వాడీ ఉన్నది. మతి తప్పిన పెద్దలను పగటిపూట నాలుగు గంటలు కూర్చోబెట్టుకునే చోటు మాత్రం లేదు. ఊళ్లో తాళం వేసి ఉన్న సర్కారు గది ఏదైనా ఉంటే పంచాయతీ దాన్ని ఇందుకు తెరిపించాలి. అక్కడ ఒక ఆయాను పెట్టే విషయం, మరుగుదొడ్లకు కడ్డీలు వేయించే విషయం వచ్చే గ్రామసభలో లేవనెత్తవలసినవి.