లైసెన్సు నంబరు లేని ప్రకటన వేయకండి



మీ పత్రిక జిల్లా పేజీల్లో, ఇంటి స్థలాల ప్రకటనల పక్కన, పోయిన నెల ఒకే ప్రకటన మూడుసార్లు కనబడింది. ‘దుబాయ్‌లో కంపెనీ వీసా. తిండి, రూము ఫ్రీ. పది ఫెయిలైనా పర్వాలేదు.’ కింద ఒక సెల్ నంబరు, అంతే. ఆఫీసు ఎక్కడో లేదు, మనిషి పేరు లేదు. ఆ నాలుగు లైన్ల గురించే ఈ ఉత్తరం.

కరీంనగర్, జగిత్యాల వైపు గల్ఫ్ దారి పాతది. ఆజాద్ వీసా అంటే ఏమిటో అక్కడ పిల్లలకు కూడా తెలుసు. పని ఇవ్వని కఫీల్ (వీసా ఇప్పించే అక్కడి యజమాని) పేరు మీద వీసా కొనుక్కొని, అక్కడికి పోయి దొరికిన పని చేసుకోవడం. పట్టుబడితే జైలు, ఆ తర్వాత ఔట్‌పాస్ కాగితంతో ఇంటికి. కంపెనీ వీసా అంటే అలా కాదు, పనిచ్చే కంపెనీయే పిలిపించుకుంటుంది, జీతం, రూము దాని బాధ్యత. మన పాలమూరు వాళ్లకు బొంబాయి, పుణె దారి తెలిసినంతగా ఈ దారి తెలియదు. ‘ఆజాద్ వద్దు, కంపెనీదైతే పో’ అన్న ఒక్క సలహా మాత్రం ఇక్కడిదాకా వచ్చింది. మోసగాళ్లు ఆ సలహానే ఎరగా వాడుకుంటున్నారు.

మా మేనల్లుడు పది తప్పాడు. రెండేళ్ల కింద ఇలాంటి ప్రకటనే చూసి మా అక్క ఒక ఏజెంటుకు 1,40,000 రూపాయలు కట్టింది. సగం ముందు, సగం వీసా చేతికొచ్చాక. వచ్చిన కాగితం రెండు నెలల విజిట్ వీసా. అడిగితే ‘అక్కడికి పోయినంక కంపెనీది చేస్తరు’ అన్నాడట. పోయినంక కంపెనీ లేదు. ఎవరో సబ్ కాంట్రాక్టరు దగ్గర నెల రోజులు ఇటుకలు మోశాడు, జీతం రాలేదు, తిరుగు టికెట్‌కు ఇక్కడి నుంచే పైసలు పంపాం. ఏజెంటుకు కట్టిందంతా అప్పే, నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెచ్చింది. అంటే నెలకు 2,800. అక్క మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేసిన ప్రతి చీర కూలిలోంచి ముందు ఆ మిత్తి పోతుంది, మిగిలింది ఇంట్లోకి.

మేం నేసేవాళ్లం కాబట్టి నాకు తెలిసిన లెక్కలోనే చెప్తాను. అమరచింతలో నేసిన చీర గద్వాల చీర పేరుతో అమ్ముడుపోతుంది. షావుకారు పట్టు, జరీ ఇస్తాడు, మేం నేసి కూలి తీసుకుంటాం. ‘నా పట్టు నేసే పని ఇస్తున్నా, ముందు లక్షన్నర కట్టు’ అని ఏ షావుకారైనా అంటే, వీడి దగ్గర పట్టే లేదని కండెలు చుట్టే పిల్ల కూడా పసిగడుతుంది. వీసా మాట రాగానే ఆ తెలివి ఎటు పోతుందో! మా ఇంట్లోనూ పోయింది, అందుకే ఇతరులను అనడం లేదు.

చట్టం మా షావుకారు పద్ధతినే చెప్తున్నది. దుబాయ్ ఉన్న అరబ్ ఎమిరేట్స్ 2021లో తెచ్చిన కార్మిక చట్టం ప్రకారం పనివాణ్ని తెప్పించుకునే ఖర్చు యజమానిదే, దాన్ని పనివాడి నెత్తిన వేయకూడదు. ఇక్కడ లైసెన్సున్న ఏజెంటు తన సేవకు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు మించి అడిగితే అది ఫీజు కాదు. పది పాసుకాని వాళ్లది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పోయే ముందు ప్రభుత్వ తనిఖీ కావాల్సింది. వాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, దానికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో పోయినవాడి ఇంటికి 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పంపేది ఈ తనిఖీని తప్పించడానికే. మావాడు ఇటుకలతో పాటు ఏ అంతస్తు మీది నుంచో జారిపడి ఉంటే మా అక్కకు ఆ బీమా నుంచి పైసా వచ్చేది కాదు.

ఎదురు మాట కూడా ఉంది. మా వీధిలో ఒకాయన లక్ష పైనే కట్టి ఒమన్ పోయాడు, మంచి కంపెనీ దొరికింది, ఇల్లు కట్టాడు. నిజమే. ఆయన్ను చూసే మా అక్క ధైర్యం చేసింది. కానీ అప్పు చేసి పోయినవాడికి కంపెనీ చెడ్డదైనా తిరిగి వచ్చే ధైర్యం ఉండదు. నాగార్జునసాగర్ కట్టిన నాటి నుంచి పాలమూరు లేబర్‌కు ఈ కట్టు తెలుసు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా మనిషిని కదలనిచ్చేవాడు కాదు. వాడు మంచివాడని నేననను. కాకపోతే పైసలు వాడి చేతి నుంచి మన చేతికి వచ్చేవి. ఇప్పుడు పైసలూ మనమే ఇస్తున్నాం, కట్టుబడేదీ మనమే.

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్1బీ వీసాలకు లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు మీ మొదటి పేజీ రోజుల తరబడి అదే. ఆ సొమ్ము కట్టాల్సింది కంపెనీయేనని కూడా వివరంగా రాశారు. సంతోషం. అంత చదువుకున్న వాళ్లకు చెప్పిన ఆ మాట, పది తప్పిన వాళ్లకు ఎవరు చెప్పాలి?

ప్రకటనల బాధ్యత పత్రికది కాదని చిన్న అక్షరాల్లో వేస్తారు, తెలుసు. మా అక్క ఆ అక్షరాలు చదవలేదు. పేపర్లో పడిందంటే నిజమనుకుంది. లైసెన్సున్న ఏజెంటు ప్రకటనలో తన లైసెన్సు నంబరు ఉండాలి. అది అసలుదో కాదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో చూస్తే తెలిసిపోతుంది, మీ ప్రకటనల గుమస్తాకు ఐదు నిమిషాల పని. నంబరు లేనిది తీసుకోకండి, ఉన్నదాని కింద ‘30,000కు, దాని మీది జీఎస్టీకి మించి కట్టవద్దు’ అని ఒక్క లైను మీరే వేయండి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో లైసెన్సు లేకుండా పంపేవాడికి రెండేళ్ల దాకా జైలుంది గానీ, జరిమానా రెండు వేలు దాటదు. మా ఒక్క ఇంట్లోనే వాడు దానికి డెబ్బై రెట్లు తీసుకున్నాడు. అలాంటివాడు చట్టానికి ఎందుకు భయపడతాడు? మీరు ప్రకటన వేయకపోతే మాత్రం వాడి వ్యాపారం కొంతైనా ఆగుతుంది.

పోయిన నెల ప్రకటన కత్తిరించి దీనితో పంపుతున్నాను. ఆ నంబరుకు మొన్న ఫోన్ చేశాను. లైసెన్సు ఏదని అడిగితే, ‘పేపర్లో వచ్చింది కదా, ఇంకేం కావాలె’ అన్నాడు.

ఇట్లు,
ఒక చేనేత కార్మికుడు,
అమరచింత, వనపర్తి జిల్లా