గోదావరి గట్టున రెండు రాత్రులు

రాజమహేంద్రవరం వచ్చే యాత్రికుల్లో చాలామంది తెల్లవారుజామున రైలు దిగి, పుష్కర ఘాట్‌లో మునకవేసి, మార్కండేయస్వామికి దణ్ణం పెట్టుకుని, మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ తాగి సాయంత్రం బండికి వెళ్లిపోతారు. పాపికొండల కోసం వచ్చేవారికి ఈ ఊరు రాత్రి పడకకే. ఇంతమంది వచ్చిపోయే ఊరు తన గురించి వాళ్లకు దాదాపు ఏమీ చెప్పకుండానే పంపేస్తోంది. ఇది మారాలి. 2027లో పుష్కరాలు ఉన్నాయి కాబట్టి ఇప్పుడే మారాలి.

కొత్తగా వచ్చినవారు మొదట వెళ్లాల్సిన చోటు ధవళేశ్వరం. ఊరికి దక్షిణాన, ఆటోలో పోయే దూరం. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి మొత్తం 1,465 కిలోమీటర్లు ప్రవహించే నది ఇక్కడిదాకా అఖండ గోదావరి. ఇక్కడ గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమే కోనసీమ. 1830ల్లో ఒకవైపు కరువు, ఇంకోవైపు తుపాను ఈ ప్రాంతాన్ని కుదిపేశాయి. ఇంత నది పక్కన ఉండీ జనం తిండిలేక అల్లాడారు. నదిలోని లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టవచ్చని ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వాన్ని ఒప్పించారు. 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది. ఇప్పుడు కనిపించే బ్యారేజీ 1982 నాటిది. అయినా నాలుగు భాగాల అమరిక పాతదే. డెల్టా ఊళ్లలో నేటికీ కాటన్ విగ్రహాలకు దండలు వేస్తున్నారంటే కారణం కాలువల్లో పారే ఆ నీళ్లే. బ్యారేజీ దగ్గరి కాటన్ మ్యూజియంలో ఒక గంట గడిపితే, తర్వాత కోనసీమలో కనిపించే ప్రతి వరిచేనూ, ప్రతి కొబ్బరితోటా వేరుగా అర్థమవుతాయి.

ఇక ఊళ్లోకి వస్తే, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం తెనిగించడం మొదలుపెట్టింది 11వ శతాబ్దంలో ఇక్కడే. అది స్కూలు పిల్లలకూ తెలుసు. అంతకంటే దగ్గరి చరిత్రే జనం మరుస్తున్నారు.

1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం ఈ ఊళ్లో తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఎదురు తిరిగింది. పెళ్లికి పోలీసు కాపలా కావలసి వచ్చింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఇంటికి రావడం మానేస్తే వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చారు. స్నానానికి రేవుల్లో దిగే వేలమందిలో ఈ సంగతి ఎందరికి తెలుసు? ఏ రేవు మెట్ల మీదైనా ఆమె పేరుతో ఒక రాతిపలక ఉండాలి. వీరేశలింగం పుట్టిన ఇల్లు, ఆయన కట్టించిన టౌన్ హాలు ఇంకా నిలిచే ఉన్నాయి. దారి చూపేవారే లేరు.

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ సంగతీ అంతే. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ కుర్రవాడి చేతిలోని కళను గుర్తించి బొంబాయి జేజే స్కూల్‌కు పంపించారు. చదువు ముగించుకుని వచ్చిన రామారావు సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టి ఒక తరాన్ని తయారుచేశారు. 1925లో మశూచితో కన్నుమూసేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. ఆధునిక ఆంధ్ర చిత్రకళ మొదలైన చోటు ఇది. ఇంకో రాష్ట్రంలో అయితే ఇలాంటి గ్యాలరీ కోసమే పర్యాటకులు టికెట్టు కొనుక్కుని వచ్చేవారు. తాళపత్రాలు దాచిన గౌతమీ గ్రంథాలయాన్నీ, రాళ్లబండి సుబ్బారావు పురావస్తు మ్యూజియాన్నీ కలుపుకుంటే ఒక రోజు నిండుగా సరిపోతుంది.

సాయంత్రం వంతెనల కోసం ఉంచుకోవాలి. 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన 56 స్పాన్లతో దాదాపు వందేళ్లు రైళ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. దాని పక్కన కాంక్రీటు కమానుల వంతెన, ఎగువన 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన ఉన్నాయి. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టులో హేవ్‌లాక్ వంతెనకూ చోటిచ్చారు. మంచి నిర్ణయం. దాన్ని దుకాణాలతో నింపేయకుండా, నది మధ్యదాకా మామూలు మనిషి ఊరికే నడిచి వెళ్లే దారిగా తెరవాలి.

రెండో రోజు చుట్టుపక్కలకు. కడియం నర్సరీలు, ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడతకాజా అందరూ చెప్పేవే, చూడాల్సినవే. ర్యాలిలో ఒకే నల్లరాతి విగ్రహానికి ముందువైపు కేశవుడు, వెనకవైపు జగన్మోహిని. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల గుళ్లు ఉన్నాయి. వాటి దగ్గర రద్దీ తక్కువ, శిల్పం ఎక్కువ. ఇంకాస్త ముందుకు వెళితే ద్రాక్షారామం, ఆపైన యానాం. వరదనీటికి ఎదురీది వచ్చే పులస తినాలనుకునేవారు వానాకాలంలో రావాలి. తేటనీరు, పడవ ప్రయాణం కావాలనుకునేవారికి చలికాలమే మేలు.

పాపికొండల గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న వరద నదిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వరద ఉన్నప్పుడు పడవ ఆపితే యాత్రికులు గొడవ పడకూడదు. లైఫ్ జాకెట్ ఫొటో తీసుకున్నాక విప్పేసేది కాదు. ఇంకొకటి. దేవీపట్నం వైపు నీటి అంచున కనిపించే ఊళ్లను పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా జనం వదిలి వెళ్లారు. వాళ్లలో కొండరెడ్లు ఉన్నారు. పడవలో పాటలూ డాన్సులూ పెట్టేవారు ఆ ఊళ్ల పేర్లయినా మైకులో చెప్పాలి. ఆ కొండల అందాన్ని తరతరాలుగా కాపాడింది వాళ్లే.

మళ్లీ పుష్కరాల సంగతికి వద్దాం. 2015 జులై 14న పుష్కరాల మొదటి రోజే ఈ ఊళ్లో తొక్కిసలాటలో కనీసం 27 మంది చనిపోయారు. అందరూ ఒకే పూట ఒకే ఘాట్‌కు రావడం వల్లే అంత ఒత్తిడి. పుష్కరం 12 రోజులు. కోటిలింగాల రేవులోనూ, కొవ్వూరులోనూ పారేది అదే గోదావరి. ఊళ్లో చూడదగ్గ చోట్లు నాలుగు ఉన్నాయని తెలిస్తే జనం నాలుగు దిక్కులా సర్దుకుంటారు, తిరుగు బండికి తొందరపడరు. అందుకని రైల్వే స్టేషన్‌లోనూ, బస్టాండులోనూ యాత్రికుల చేతికిచ్చే మ్యాపులో ఘాట్‌ల పక్కనే దామెర్ల గ్యాలరీ, గౌతమీ గ్రంథాలయం, వీరేశలింగం ఇల్లు, కాటన్ మ్యూజియం పేర్లు అచ్చువేయించాలి. పుష్కరాల రోజుల్లో వాటిని రాత్రి దాకా తెరిచి ఉంచాలి. వచ్చేవారు రెండు రాత్రులకు సరిపడా బట్టలు సర్దుకుని రావాలి.