అమ్మ పని అమ్మది, స్కూలు పని స్కూలుది

మా బాబుకి ఆటిజం. అడిక్‌మెట్‌లో స్కూలు కోసం తిరుగుతుంటే ఒకచోట, "మీరూ క్లాసులో కూర్చుంటేనే చేర్చుకుంటాం" అన్నారు. ఏడాది కూర్చున్నానండీ. చిన్న బెంచీలో మోకాళ్లు ముడుచుకుని!

వాడికి అక్షరాలు వచ్చు. బెల్లు మోత తట్టుకోలేడు, ఒక పని ఆపి ఇంకో పనికి మారలేడు. దానికి కావలసింది నేను కాదు. ఆ రోజు పనులు వరుసగా చూపే బొమ్మల కార్డులు, బెల్లుకి ముందు ఓ మాట, కాసేపు ఒంటరిగా కూర్చునే మూల, మూడు నెలల్లో ఏం నేర్పుతారో రాసిన కాగితం. ఇందులో లక్షలు పోసేది ఏముంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. ఆ టీచర్లకి శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ 1984 నుంచీ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. అయినా టీచరు లేని లోటు అమ్మే పూడ్చాలి, జీతం లేకుండా!

"వీడి వల్ల మా పిల్లలు వెనకబడతారు" అనే తల్లులకో మాట: తర్వాత ఏం చేయాలో ముందే చెబితే మీ పిల్లలకీ మంచిదే కదా?

అడ్మిషన్‌కి వెళ్తే ఫీజు కన్నా ముందు ఇది అడగండి: "మా వాడికి నేర్పే ప్లాన్ ఏదీ? రాసిందెవరు?"